ఓడ తాళ్లు కట్టిందెవరు?

నమ్మితే నమ్మండి, లేకుంటే లేచి వెళ్లండి. నా పిల్లల మీద ఒట్టు... ఇది తిరుత్తణిలో మా ఇంట్లోనే జరిగింది.

మా బావ, అంటే నన్ను కట్టుకున్నవాడు, ఆవడి ఫ్యాక్టరీలో పని. అక్కడ ఎగ్జిబిషన్ పెడుతున్నారని చెక్కతో ఓడ చేశాడు. వెనకటి రోజుల్లో పులికాట్ రేవు నుంచి మన నేతగుడ్డలు మోసుకుపోయిన తెరచాప ఓడ. చెక్కపని ఆయనది. తెరచాపలు, తాళ్లు నావి. మాది నేతపని చేసిన ఇల్లు కదా... దారాలకు గంజి పెట్టి, తెగిన పోగులు అతికినట్టే బూడిద అద్ది మెలిపెట్టాను. ఒక్క ముడి వేయలేదు. ముడి పడితే మగ్గంలో పోగు తెగుతుంది, ఆ అలవాటు నాది.

"బావా, తాళ్లు నేను కట్టినానని అందరికీ చెప్పాల" అన్నాను.

"మైకులోనే చెప్పిస్తాలేవే!" అన్నాడు.

ఆ రాత్రి ఆయనకు నైట్ షిఫ్టు. కరెంటు పోయింది. ఆకు కదలడం లేదు. అత్త గురక పెడుతోంది.

కిర్ర్... కిర్ర్...

మగ్గమా? అది ఎప్పుడో అమ్మేశాం. తలుపా? గడియ వేసే ఉంది. లాంతరు ఎత్తాను... గంజికి అప్పడంలా బిగుసుకున్న తెరచాప... మెల్లగా... ఉబ్బుతోంది. లాంతరు మంట మాత్రం నిలువుగానే ఉంది. ఉప్పు వాసన. ఎవరో దారం బిగించి లాగుతున్నట్టు... సర్ర్... సర్ర్... దుప్పటి ముసుగు పెట్టేశాను.

తెల్లారి చూస్తే నా అతుకు ఒక్కటీ లేదు. అన్నీ ముడులు! మా వీధిలో ఎవరికీ చేతకాని మెలికలు.

"ఎలకలు పీకింటాయిలే" అంది అత్త.

"ఎలకలు ముడేస్తాయా అత్తా?"

బావ వచ్చాక రాత్రి జరిగింది చెబితే నా మీదే ఎగిరాడు. "యాడి నుంచి ఎవర్ని పిలిచి కట్టించినావే? సుమ్మా, ఊరికే ఎవరో వచ్చి కట్టిపోయినారంటే నేను నమ్మాల్నా?"

ఒక ముడి విప్పబోయాడు. రాలేదు. గోరు విరిగింది. ఆపైన ఓడను గుడ్డలో చుట్టుకుని ఆవడికి రైలెక్కాడు.

అక్కడ పెద్దాఫీసరొకాయన భూతద్దం పెట్టి చూశాడట. పాతకాలం ఓడవాళ్లు వేసే ముడులట అవి. ఎవరు కట్టారని అడిగితే, మా బావ "నేనే సార్" అన్నాడట! ఇంటికొచ్చి నవ్వుతూ చెబుతాడు!

"నువ్వా? నువ్వా కట్టినావు?"

"మరి ఎవరి పేరు చెప్పేదే?"

నా పేరు పోయింది, ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. కట్టిందెవరో నాకూ తెలియదు. కానీ ఆయన ఆ మాట అన్నది ఓడ పక్కనే నిలబడి... కట్టినవాళ్లు విన్నారో, ఏమో.