పాటకి ముందు భోజనం

మొన్న దసరాలకి కాస్త ముందు, మా వసారాలో మూలపడి ఉన్న పాత ఆంప్లిఫయరు పనిచేస్తుందో లేదో చూద్దామని ఊరి కమిటీ కుర్రాళ్లు దానికి కరెంటు పెట్టారు. కాసేపటికి లోపలి దుమ్ము వేడెక్కి, కొంచెం వార్నిషు, కొంచెం కాలిన రబ్బరు కలిసిన వాసన ఇల్లంతా పాకింది. పప్పు తాలింపు పెడుతున్నదాన్ని గరిటె అక్కడే వదిలేసి వచ్చి ఆ పెట్టె పక్కన చతికిలబడ్డాను. నా చిన్నప్పుడు ఆ వాసన వచ్చిందంటే ఇక రెండు మూడు నిమిషాల్లో పాట మొదలవుతుందని అర్థం.

కమిటీలో పెద్దవాడు శ్రీను, మా చిన్నాన్న గారి మనవడు, నన్ను అత్తా అని పిలుస్తాడు. ఒకప్పుడు రాజమండ్రి, కాకినాడల్లో పేరున్న ఆర్కెస్ట్రాలన్నీ మన స్టేజీ ఎక్కేవట కదా, ఇప్పుడు పాట పెట్టెలో మోగుతుంటే పెదాలు కదిపేవాళ్లు తప్ప మంచివాళ్లు ఎందుకు రావడం లేదని అడిగాడు. టీవీల వల్లనని ఒకడు, సెల్‌ఫోన్ల వల్లనని ఇంకొకడు వాడికి అప్పటికే జవాబులు చెప్పేశారు. నేను చదివింది పదో తరగతే గానీ, మా మిల్లులో కాటా దగ్గర కూర్చుని నేర్చుకున్న లెక్క ఒకటుంది. రెండు బస్తాలూ ఒకే ఎండలో ఎండి, వాటిలో ఒక్కటి మాత్రమే బరువు తగ్గితే, తప్పు ఎండది కాదు. టీవీలూ ఫోన్లూ కాలవ అవతలి ఊరికీ వచ్చాయి. ఆ ఊరికి మాత్రం మంచి ఆర్కెస్ట్రాలు ఇప్పటికీ వస్తున్నాయి. కాబట్టి కారణం మా ఊళ్లోనే ఉండాలి. ఉంది. ఇంకా చెప్పాలంటే మా వంటింట్లోనే ఉంది.

అప్పట్లో స్టేజీ అంటే మా మిల్లు కళ్లం. ఉడకబెట్టిన ధాన్యాన్ని ఆరబోసే విశాలమైన సిమెంటు నేల అది. దసరాల నాటికి పాత ధాన్యం అయిపోయి, కొత్త ధాన్యం ఇంకా చేలోనే ఉండేది గనుక బాయిలరు చల్లబడి, కళ్లం ఖాళీగా ఉండేది. ఊరి వాళ్లు దాని తూర్పు చివర ఇటుకలతో ఒక వేదిక కట్టుకున్నారు. పగలంతా ఎండ తాగిన సిమెంటు పొద్దువాలాక కూడా వెచ్చగా ఉండేది. చాపలు, గోనెసంచులు, దుప్పట్లు పరుచుకుని కూర్చుంటే కింద నుంచి ఆ వెచ్చదనం, పై నుంచి కాలవ మీది చల్లగాలి, ముందు వరసలో మరమరాల ఉండలు కొరుకుతున్న పిల్లల చప్పుడు, వెనక ఆడవాళ్ల తలల్లో కనకాంబరాలు, ఎక్కడి నుంచో వేయించిన వేరుశనగల వాసన, ఇన్నింటి మధ్య ఎవరో ఒకాయన మైకు మీద వేలితో తట్టి "హలో, హలో" అనగానే నేను మోకాళ్ల మీద లేచి కూర్చునేదాన్ని.

మిల్లు గోడలు మూడు వైపులా ఉండటంతో పాట ఎటూ చెదిరిపోయేది కాదు. మా ఊళ్లో పాడేవాళ్లు లేరు గానీ వినేవాళ్లున్నారు. పాట మధ్యలో లేచి తిరిగేవాడు కనబడితే పక్కవాడే పంచె పట్టుకుని కూలేసేవాడు. కొత్త పాటలు కట్టినప్పుడు ముందు మీ దగ్గరే పాడి చూసుకుంటామండీ, మీకు నచ్చితే జిల్లా అంతా నచ్చుతుందని ప్రసాదరావు మాస్టారు అనేవారు. రాజమండ్రి నుంచి వచ్చే ఆర్కెస్ట్రాకి ఆయన పెద్ద, కీబోర్డు ఆయనే. ఆ జట్టులో ప్రధాన గాయని రత్నమాల గారు. నేత చీర, ఒక చేతికే గాజులు. ఆవిడ ఆలాపన అందుకుని పైకి, ఇంకా పైకి వెళుతుంటే నేను ఊపిరి బిగబట్టి పోటీ పడేదాన్ని. ప్రతిసారీ నాకే ముందు ఊపిరి అయిపోయేది.

మొదట్లో భోజనాలు పాట అయ్యాకే. జట్టులో ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటివాళ్లు తీసుకెళ్లేవారు. ఒక ఏడాది కార్యక్రమం ముగుస్తూండగానే కుండపోతగా వాన పట్టుకుంది. కరెంటు పోయింది. కాలవ గట్టు రోడ్డు తెగిపోతుందేమోనన్న భయంతో వాళ్లు సామాను వ్యానులోకి ఎక్కించుకుని అలాగే వెళ్లిపోయారు. వండిన వంట వండినట్టే మిగిలిపోయింది. మా నాయనమ్మ ఆ గిన్నెల ముందు, ఇంట్లో ఎవరికో ఏదో జరిగినట్టు కూర్చుంది. మర్నాడు కమిటీ పెద్దలందరినీ పిలిపించి, ఊరి గడప తొక్కినవాళ్లు ఆకలితో వెళ్లడం ఇదే ఆఖరు కావాలంది. మా నాన్న కమిటీ అధ్యక్షుడు, ఆవిడ మాటకి ఎదురు చెప్పే మనిషి కారు. అప్పటి నుంచి ముందు భోజనం, తర్వాతే స్టేజీ.

అక్కడితో ఆగితే ఎలాగోలా ఉండేది. కానీ మర్యాదలో ఒక ఇంటిని మించి ఇంకో ఇల్లు వెళ్లకపోతే అది మా గోదావరి జిల్లా ఎందుకవుతుంది? తబలా ఆయనకి ఎదురింటి వాళ్లు గారెలు చేశారని తెలిస్తే గిటారు అబ్బాయికి పక్కింటి వాళ్లు గారెలూ, పెరుగు గారెలూ రెండూ చేసేవారు. నవరాత్రులు కాబట్టి నీచు లేదన్న లోటంతా నేతితో పూడ్చేవారు. ముద్దపప్పు, కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం, దబ్బకాయ పులిహోర, పరమాన్నం, చెంచా నిలబడే మీగడ పెరుగు. వీటన్నిటి మధ్య మా నాయనమ్మ బూరెలు. అరిటాకులో బూరె వేసి, బొటనవేలితో గుంట చేసి, ఆ గుంట నిండా నెయ్యి పోసి, అతిథి తలెత్తి చూసేలోపు రెండోది వేసేసేది.

పాటల్లో తేడా నేను కనిపెట్టడం మొదలుపెట్టింది అప్పుడే. పరుగెత్తాల్సిన పాట నడుస్తోంది. నడవాల్సింది కూర్చుంటోంది. క్లారినెట్ ఆయన చరణానికీ చరణానికీ మధ్య కుర్చీ వెనక్కి వాలి కళ్లు మూసుకునేవారు. ఊళ్లో బడి పంతులమ్మ గారి ఇంట్లో తిన్నవాళ్లు మాత్రం చలాకీగా వాయించేవారు. ఆవిడ ఒంటరి మనిషి, అన్నమూ, చారూ, ఒక వేపుడూ అంతే పెట్టేది. ఎవరు ఎక్కడ తిన్నారో, ఎలా వాయించారో నా మనసులో పక్కపక్కన పెట్టుకుంటే జవాబు దానంతట అదే కనబడుతోంది. కానీ పదేళ్ల ఆడపిల్ల లెక్క ఎవరిక్కావాలి?

ఆ తర్వాతి ఏడాది ప్రసాదరావు మాస్టారు ముందే వచ్చి ఒక కబురు చెప్పారు. తమ ఆర్కెస్ట్రా పాటలతో క్యాసెట్టు వేస్తున్నారట. జనం మధ్య, చప్పట్లతో సహా మా కళ్లంలోనే రికార్డు చేస్తారట. అట్ట మీద మా ఊరి పేరుంటుంది. అది కుదిరితే ఇక ఏటా దసరాల్లో మొదటి కచేరీ మాకే. ఊరికి జ్వరం వచ్చినట్టయింది. మిల్లు గోడలకి వెల్ల వేశారు. కాలవ మీద పడవ ఇంజన్లు ఆ సాయంత్రం ఆపించడానికి మనుషులు వెళ్లారు. మా నాన్న పిల్లల్ని కళ్లంలో కూర్చోబెట్టి చప్పట్లు ప్రాక్టీసు చేయించారు. ముందు ఎడాపెడా కొట్టేవాళ్లం, నాలుగు రోజులకి ఒక్క మనిషే కొట్టినట్టు కుదిరింది. మన చప్పట్లు క్యాసెట్టులో ఉంటాయి, రాజమండ్రిలో జనం మన చప్పట్లు వింటారు అనుకుంటూ రాత్రిళ్లు నిద్రపట్టక మంచం మీద ఇటూ అటూ దొర్లేదాన్ని.

రికార్డు చేసే రోజు రత్నమాల గారి భోజనం మా ఇంట్లో. ఇంత గొప్ప పని మన ఊళ్లో పెట్టుకున్నవాళ్లకి మామూలు భోజనమా అని నాయనమ్మ తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గరే ఉంది. రత్నమాల గారు రెండో బూరెకే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలండి పెద్దమ్మగారూ, మళ్లీ పాడాలి కదండి."

"పాడాలనేగా తల్లీ పెట్టడం. బలం ఉండొద్దూ? చెయ్యి తియ్యమ్మా, నేతిలో తడుస్తది."

ఆవిడ చెయ్యి తీశారు. ఆ మాటకి చెయ్యి తియ్యనివాళ్లని నేను ఇప్పటికీ చూడలేదు.

దీపాలు వెలిగాయి. రికార్డు చేసే ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెయ్యెత్తారు. కళ్లం కళ్లమంతా ఊపిరి తీయడం మానేసింది. రత్నమాల గారు ఆలాపన అందుకున్నారు, పైకి వెళ్లారు, ఇంకా పైకి వెళ్లబోయి మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నారు. మొదటిసారి నా ఊపిరి గెలిచింది. నాకు భయమేసింది. ఇంకోసారి మొదలుపెట్టారు, మళ్లీ అక్కడే తెగింది. డ్రమ్ముల అబ్బాయి తాళం వెనకబడింది. క్లారినెట్ ఆయనకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఒక్కో ఎక్కిలీ రికార్డు చేసే ఆయన మొహంలో కనబడుతోంది. ప్రతి పాటకీ మేం మాత్రం నేర్చుకున్నట్టే, ఒక్క మనిషే కొట్టినట్టు చప్పట్లు కొట్టాం. ఆ రాత్రి టేపులో బాగున్నవి అవే అయి ఉంటాయి.

క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద కాలవ అవతలి ఊరి పేరుంది. మళ్లీ అక్కడ పాడి రికార్డు చేసుకున్నారట. మా వసారాలో అందరం చుట్టూ కూర్చుని విన్నాం. రత్నమాల గారి గొంతు ఆ ఆలాపనలో మిల్లు చిమ్నీ ఎక్కి నిలబడ్డట్టుంది. కోపంతో వినడం మొదలుపెట్టిన మా నాన్న కూడా తొడ మీద తాళం వేశారు. పాట ఆగాక నాయనమ్మ నిదానంగా అంది.

"మనకంటే బాగా పెట్టుంటారు వాళ్లు."

ఊరంతా అదే నిజమనుకుంది. తర్వాతి ఏడాదికి పూతరేకులు, సున్నుండలు చేరాయి. కాకినాడ జట్టు ఒకసారి వచ్చి మళ్లీ రాలేదు. ఏలూరు వాళ్లూ అంతే. ఎవరిని అడిగినా డేట్లు ఖాళీ లేవండి అనేవారే గానీ, ఒక్కరూ అసలు సంగతి చెప్పలేదు. ఒక జట్టు మానేసినప్పుడల్లా మా వాళ్లు వంటకం ఒకటి పెంచేవారు. పాడటం కంటే తినడం వచ్చినవాళ్లే చివరికి మిగిలారు. వాళ్లకి మా ఊరంటే ప్రాణం. అన్నం పెట్టకపోతే బాగా పాడతారేమో నాయనమ్మా అని నేను ఒకసారి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఇంటికొచ్చినోళ్లని పస్తుంచమంటావేంటే, ఎవరి పోలికొచ్చిందే నీకు అంది.

రెండువేల సంవత్సరం దాటాక, మిల్లు పని మీద రాజమండ్రి వెళ్లినప్పుడు సిటీ బస్సులో నా పక్క సీట్లో రత్నమాల గారు కూర్చున్నారు. జుట్టు నెరిసింది. ఒక చేతికే గాజులు. ఊరి పేరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుని మా నాయనమ్మ ఎలా ఉందని అడిగారు. ఆ రాత్రి మా కళ్లంలో మీ ఆలాపన ఎందుకు తెగిందండీ అని, చిన్నప్పటి నుంచి గొంతులో ఉన్న ప్రశ్న నేనూ అడిగేశాను. ఆవిడ ముందు నవ్వేసి, తర్వాత చెప్పారు.

"పాట పొట్టలోంచి రావాలమ్మా. మీ ఊళ్లో దానికి చోటెక్కడ ఉండనిచ్చారు?"

మరి కాలవ అవతల ఎలా కుదిరిందండీ అన్నాను. అక్కడ లూథరన్ చర్చి ఉంది, ఇంటికొకరు క్వయరులో పాడేవాళ్లే. పాడబోయే మనిషికి గ్లాసుడు వేడినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు, అన్నం అంతా అయ్యాకే పెట్టారు అన్నారావిడ. ఈ మాట మాకెందుకు చెప్పలేదండీ అంటే, అంత ప్రేమగా పెట్టేవాళ్ల మొహాన ఎలా చెప్తామమ్మా, అంతకంటే రాకుండా ఉండటమే సులువనిపించింది అన్నారు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి, "మా అమ్మకి మాత్రం చెప్పకు" అన్నారు. చెప్పలేదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ పాటకి ముందే భోజనం పెట్టింది. ఆ తర్వాత అలవాటు ఆవిడ లేకుండానే నడిచింది.

ఇప్పుడు మిల్లు లేదు. మూడు గోడల్లో ఒకటే మిగిలింది. కళ్లంలో సగం మీద ఇళ్లు లేచాయి. కింద గోనెసంచి పరుచుకునేవాళ్లు లేరు, అందరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, పాట మధ్యలో లేచి తిరుగుతారు. పంచె పట్టుకుని లాగడానికి పంచెలూ లేవు. ఇదంతా ఆ రోజు శ్రీనుకి చెప్పాను. వాడు వెంటనే నమ్మాడు. ఈసారి భోజనాలు చివర్లోనే అని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించి, రాజమండ్రి నుంచి నిజంగా పాడే జట్టుని, నిజంగా వాయించేవాళ్లతో పిలిపించాడు.

గాయని ఇరవై రెండేళ్ల పిల్ల, మా ఇంట్లో దిగింది. ఎండలో ప్రయాణం చేసి వాడిపోయి ఉంది. శ్రీనుకి ఇదంతా చెప్పిన నేనే ఉండబట్టలేక, కాస్త ఏమైనా తింటావా అమ్మా అన్నాను. "పాడాక తింటానండి" అంది ఆ పిల్ల. అంతే మాట. ఎంత తేలిక మాట అది. చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన అన్ని గొంతుల్లో ఒక్కటీ ఆ మాట అనలేకపోయింది.

ఆ సాయంత్రం ఆ పిల్ల పాడుతుంటే నేను మళ్లీ ఊపిరి బిగబట్టాను, మళ్లీ ఓడిపోయాను. ఎంత సంతోషంగా ఓడిపోయానో చెప్పలేను. కుర్చీల్లోంచి లేచి తిరిగే జనం కూడా రెండో పాటకి కూర్చుండిపోయారు. అంతా అయ్యాక ఆ పిల్ల ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, అరిటాకు ముందు కూర్చుంది. నేను పెట్టింది పెట్టి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల పప్పన్నం శుభ్రంగా తిని, ఖాళీ ఆకు మీద వేలు ఆనించి తలెత్తింది.

"ఇంకాస్త ఉందా అండీ?"

నేను అన్నం గిన్నె అందుకున్నాను. మా నాయనమ్మ బతికినన్నాళ్లూ వడ్డించింది గానీ, ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు. అది వినబడేటంత సేపు ఆవిడ ఎవరి ఆకునీ ఖాళీగా ఉండనివ్వలేదు.