స్టాప్‌వాచి బావగారి బడి వేట

మా ఆవిడ అన్నగారికి ఒకే ఒక్క జబ్బు. కంటపడ్డ ప్రతిదాన్నీ సెకన్లలో కొలుస్తాడు. మెడలో నల్లతాడుకి పాత స్టాప్‌వాచి, చొక్కా జేబులో అరచేతంత నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు ముక్క. ఈ మూడూ లేకుండా ఆయన్ని నేను చూసిన రోజు లేదు. పెళ్లి ఫోటోలో కూడా ఉన్నాయి. ఆయన పెళ్లిది కాదు, నా పెళ్లిది.

వృత్తి గడియారాల రిపేరు. దుకాణం గోడల నిండా గడియారాలే, ఏ రెండూ ఒక టైము చూపించవు. "ఇంతకీ ఇప్పుడు టైమెంత బావగారూ?" అని ఒకసారి అడిగాను.

"బాగైనవాటిని ఎవరివి వాళ్లు పట్టుకుపోతారు బావా. ఇక్కడున్నవన్నీ రోగులే. వీటినడిగి ఏం లాభం?" అన్నాడు. అన్నట్టు, సెకన్లు లెక్కపెట్టే ఈ మహానుభావుడు ఒక్కసారైనా ఎక్కడికైనా టైముకి వచ్చిన పాపాన పోలేదు.

మా ఇంటికొస్తే టీ మరగడం కొలుస్తాడు. లిఫ్టు తలుపు మూసుకోవడం కొలుస్తాడు. ఫోనులో మా ఆఫీసరు వేసిన జోకుకి నేను నవ్విన నవ్వు కొలిచి, "తొమ్మిది సెకన్లు నవ్వాడమ్మా. జోకు రెండు సెకన్లదే" అని మా ఆవిడకి రిపోర్టిచ్చాడు. ఇక ప్రతి ఆదివారం మా ఆరేళ్ల అమ్మాయి పక్కన చతికిలబడి, దాన్ని ఏదో ఒకటి అడిగి, గోడకేసి చూస్తూ ఉండిపోతాడు. అడిగిందేమిటో మరిచిపోయాడు కాబోలు, వయసు మీద పడుతోంది అనుకునేవాణ్ణి.

మా అమ్మాయి సంగతి ఇక్కడ చెప్పాలి. అది అడిగిన వెంటనే జవాబిచ్చే రకం కాదు. వినికిడి బాగానే ఉంది, మాటలు బాగానే వచ్చు, ఏ లోపమూ లేదని డాక్టరు కూడా చెప్పాడు. కానీ "నీ పేరేంటమ్మా" అంటే మనిషిని ఎగాదిగా చూసి, కాసేపు ఆలోచించి, అప్పుడు చెబుతుంది. అప్పటికి అడిగినవాడు అక్కడ ఉండడు. పాత బడివాళ్లు ఏడాది చివర "ఏమడిగినా నోరు విప్పదు" అని రాసిచ్చి, ఒకటో తరగతికి ఇంకో బడి చూసుకోమని మర్యాదగా సాగనంపారు. ఆ కాగితం చదివిన రోజు మా ఆవిడ భోజనం చెయ్యలేదు. అమ్మాయి ఆ కాగితాన్నే మడిచి పడవ చేసుకుంది.

దీనికి మందు నా దగ్గరుందనుకున్నాను. చురుకైన బడి, పిల్లల్ని పరుగులు పెట్టించే బడి కావాలి. అలాంటివి రెండు ఎంచిపెట్టాను. మూడోది మా ఆవిడ చీటీ మీద రాసిచ్చింది. శనివారంతో అడ్మిషన్లు బంద్.

"మా అన్నయ్యని కూడా తీసుకెళ్లండి" అంది మా ఆవిడ.

"ఎందుకూ, బడి గంట రిపేరు చెయ్యడానికా?"

"తీసుకెళ్లండి అన్నానుగా."

తీసుకెళ్లాను.

మొదటి బడి అంతా అద్దాలే. గుమ్మంలో ఫౌంటెను, లోపల సోఫాలు, సోఫాల మీద మనకన్నా బాగా తయారైన కుషన్లు. ప్రిన్సిపాలుగారు కోటు గుండీ సవరించుకుని మా అమ్మాయి వైపు వంగారు. "నీకేమంటే ఇష్టం పాపా?" అన్నారు. మా బావగారి మెడలో వాచి టిక్కుమంది. "బొమ్మలు గీయడమా? వెరీ గుడ్. మా దగ్గర నాలుగు రకాల రంగులున్నాయి" అని ఆయనే జవాబు కూడా చెప్పేసుకున్నారు. వాచి మళ్లీ టిక్కుమంది. మా బావగారు నోటుపుస్తకంలో ఏదో గీకి, లేచి నిలబడ్డాడు.

"అప్పుడేనా? ఇంకా ఈతకొలను చూపించలేదు" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"మాకు తడవడం పడదండి" అన్నాడు మా బావగారు.

రెండో బడిలో రోబో ఉంది. అదే తలుపు తీసి, అదే నమస్కారం పెట్టింది. ఆరేళ్లకే శాస్త్రవేత్తల్ని తయారుచేస్తారట. అంటే ఏడో ఏట ఇక పని ఉండదన్నమాట. అడ్మిషన్ల మేడమ్ ఫోను చూసుకుంటూ నన్నడిగింది, "పాపకి చదవడం వచ్చా అండీ?" "వచ్చండీ." "లెక్కలు?" "ఇరవై దాకా వచ్చండీ." పాప మా ఇద్దరి మధ్యనే కూర్చుని ఉంది. మా బావగారు ఈసారి వాచి నొక్కనేలేదు. పెన్సిలు మాత్రం నోటుపుస్తకంలో గట్టిగా ఒక గుండ్రం చుట్టింది. సీటిస్తామన్నారు. నేను ఫారం అందుకోబోతుంటే, నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"ఏమైందండీ? ఇంత వేగమైన బడి ఇంకెక్కడ దొరుకుతుంది? మీకు కావల్సింది అదేగా" అన్నాను.

"మూడోది చూద్దాం బావా" అన్నాడు.

మూడోది రెండంతస్తుల పాత మేడ. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. ఫౌంటెను సంగతి దేవుడెరుగు, కుళాయి కూడా బొట్లుబొట్లుగా కారుతోంది. ఒకటో తరగతి టీచరమ్మ చేతులకి సుద్దపొడి దులుపుకుంటూ వచ్చి, చిన్న బల్ల ముందు కింద కూర్చుని, మా అమ్మాయిని అడిగింది.

"వచ్చేటప్పుడు దారిలో ఏం చూశావు?"

టిక్.

మా అమ్మాయి ఆవిణ్ణి చూసింది. ఆవిడ ఆగింది. ఫ్యాను కిర్రుమంది. పిల్ల కిటికీ చూసింది. ఆవిడ ఇంకా ఆగింది. నా ప్రాణం ఉసూరుమంటోంది. ఇక లాభం లేదని "బస్సులు చూసిందండీ" అనబోయి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే మా బావగారి చెప్పు నా కాలివేళ్ల మీద పడింది. కళ్లనీళ్లు తిరిగాయి కానీ నోరు మూసుకున్నాను.

"మెట్ల కింద పిల్లి ఉంది. దానికి మూడు కాళ్లే తెల్లగా ఉన్నాయి" అంది మా అమ్మాయి.

"నాలుగోదో?" అని టీచరమ్మ మళ్లీ ఆగింది.

చాలాసేపటికి, "నాలుగోది మరిచిపోయి బురదలో పెట్టింది" అంది పిల్ల. టీచరమ్మ ఫక్కున నవ్వింది. కొత్తవాళ్ల ముందు మా అమ్మాయి మూడు వాక్యాలు మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"ఇదే" అన్నాడు మా బావగారు.

బయటికి రాగానే పేచీ పెట్టుకున్నాను. "పిల్ల భవిష్యత్తుని వాచీ పెట్టి తేలుస్తారా మీరు?"

ఆయన నోటుపుస్తకం నా చేతిలో పెట్టాడు. "అద్దాల బడి, రెండు. రోబో బడి, సున్నా. ఈ బడి, పద్నాలుగు. ఆవిడ ఇంకా ఆగేదే."

"ఏం అంకెలివి?"

"పిల్లనడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగారో ఆ సెకన్లు. పది నెలల ఆదివారాలు కొలిచాను బావా. మనమ్మాయికి పదకొండు కావాలి, కొత్తచోట ఇంకో రెండు మూడు, అంతే. జబ్బూ కాదు, మొద్దూ కాదు. పదకొండో సెకను రాకముందే అందరూ లేచిపోతున్నారు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే మీరు వెళ్లి బడివాళ్లకి చెప్పేస్తారు. చెప్పించుకున్నాక ఎవరైనా ఆగుతారు."

పేజీ కింద ఇంకో రెండు వరుసలున్నాయి. "అమ్మ, ఆరు. నాన్న, ఒకటిన్నర." రెండుసార్లు చదివాను. సిగ్గేసింది. ఒకటిన్నర సెకను ఆగేవాణ్ణి, పిల్లకి నోరు విప్పించే బడి కోసం ఊరంతా తిరిగాను.

వెనక్కి తిరిగి వెళ్లి ఫారం నింపాను. బస్సెక్కాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "ఆ బడి నచ్చిందా తల్లీ?"

అది నన్ను చూసింది. నేను ముందు సీటు ఇనపకడ్డీ పట్టుకున్నాను. ఒక స్టాపు దాటింది. నోటి చివరిదాకా వచ్చిన మాటని నాలుగుసార్లు మింగాను.

"నచ్చింది. నాన్నా, నువ్వెందుకు ఊపిరి బిగబట్టావు?" అంది.

వెనక సీట్లో టిక్కుమంది. మా బావగారు నా చేతిలోంచి నోటుపుస్తకం లాక్కుని, ఒకటిన్నర కొట్టేసి పన్నెండు వేశాడు. నేను ఇంకా పూర్తిగా సంతోషించనైనా లేదు, పెన్సిలు నాలుక మీద తడుపుకుని పక్కన ఇంకో ముక్క చేర్చాడు.

"ఒక్కసారే."