ట్యాంకు మూత మీది సిలువ

రేపల్లెలో ఆ మోటార్‌ సైకిల్‌ను చూడగానే మనసు పారేసుకున్నాను. సెకండ్ హ్యాండే, కానీ ఎత్తుగా, టైర్లకు వేలెడేసి బొడిపెలతో, బురదలో తిరగడానికే పుట్టినట్టుంది. "కళ్లు మూసుకుని తీసుకెళ్లండి మాస్టారూ, ఇంజను గుండ్రాయండి" అన్నాడు అమ్మినాయన. నిజమే, తెనాలి దాకా ఒక్కచోట కూడా దగ్గలేదు.

ఇంటి ముందు ఆపగానే మా ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "యాభై దాటాక ఇదేం సరదా అండీ? మీ స్కూలు పిల్లలు చూస్తే నవ్విపోరూ?"

సరదా ఎవడికి? రెండేళ్ల క్రితం వానల్లో కొల్లిపర వెళ్తుంటే కట్ట మీద బురదలో మా స్కూటర్ జారింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. ఆమెకు కాలు విరిగి రాడ్డు వేశారు. ఎముక అతికింది గానీ ధైర్యం అతకలేదు. అప్పట్నుంచి ఆమె టూవీలర్ ఎక్కలేదు. ఆదివారం చర్చికి ఆమె ఆటోలో వెళ్తుంది, నేను ఆ ఆటో వెనకే స్కూటర్ మీద వెళ్తాను. నేను వస్తున్నానో లేదోనని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటుంది. బురదకు భయపడని బండి మీద ఆమెను మళ్లీ నా వెనక కూర్చోబెట్టుకోవాలి, అదీ నా ఆశ. పైకి అంటే "ఛస్తే ఎక్కను" అంటుందని నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం పాస్టరుగారు వచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మా ఇళ్లల్లో ఏ బండి కొన్నా అది ఆనవాయితీ. ఆయన వెళ్లాక మా ఆవిడ చిన్న సిలువ స్టిక్కర్ తెచ్చి పెట్రోలు ట్యాంకు మూత నడిమధ్య అతికించింది. వానకు ఊడకుండా పైన సెల్లోటేపు కూడా వేసింది. నాకు ముచ్చటేసింది.

మర్నాడు బాపట్ల బయల్దేరాను. ఊరు దాటి కాస్త దూరం పోయానో లేదో, ఇంజను ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. కిక్కు కొట్టీ కొట్టీ పిక్కలు పట్టేశాయి. పెట్రోలుందా అని మూత తీసి చూశాను. బోలెడుంది. మూత పెట్టి కొడితే ఒక్క కిక్కుకే స్టార్టయింది! ఇంకాస్త దూరం పోయాక మళ్లీ అదే కథ.

వారమంతా దాంతో కుస్తీ పట్టాను. ప్లగ్గు తీసి గీకాను. కార్బురేటర్ విప్పి కడిగాను. పెట్రోలులో నీళ్లు కలిశాయేమోనని మొత్తం వంపేసి కొత్తది పోయించాను. మెకానిక్కు ఏవేవో వైర్లు మార్చి, "దీనికి దయ్యం పట్టింది సార్" అని చేతులెత్తేశాడు. నాకసలే ముక్కు మీద కోపం. రేపల్లె ఆయనకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "నా దగ్గర ఒక్కనాడూ ఆగలేదండీ, ఒట్టు" అన్నాడు పాపం.

శనివారం మా ఆవిడ తేల్చేసింది. "రేపు చర్చి టైముకు బాగయితే సరే. లేదంటే వెనక్కిచ్చేయండి. మీరెక్కడ ఆగిపోయారోనని ఫోను పట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదండీ." ఇక వాదించబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున్నే ఆఖరిసారి చూద్దామని బండిని ఊళ్లో వీధులన్నీ తిప్పాను. తిరిగి తిరిగి మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. అలవాటుగా మూత తిప్పాను. స్స్స్‌మని లోపలికి గాలి పీల్చుకుంది. ఇన్నాళ్లూ రోడ్డు మీద లారీల హోరులో ఆ చప్పుడు వినపడలేదు. గాలి! పెట్రోలు కిందికి దిగుతుంటే ట్యాంకులోకి గాలి పోవాలి. అందుకు మూతకు సన్నటి చిల్లు ఉంటుంది. ఆ చిల్లేదీ అని చూద్దును కదా, సిలువ కింద ఉంది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే గుండె చివుక్కుమంది. నీ స్టిక్కరే బండిని ఆపిందని ఆమెతో ఎలా అనను? గుట్టుగా స్టిక్కర్‌కు బెజ్జం పెడదామని, "ఒక పిన్నీసు ఇయ్యవే" అని కేకేశాను.

తెల్లచీర కట్టుకుని ఆటో కోసం సిద్ధంగా ఉంది. గాజుకున్న పిన్నీసు తీస్తూ వచ్చింది. "ఎందుకండీ?" అంది. ఆమె ముందు అబద్ధం ఆడటం నాకు చేతకాదు. చెప్పేశాను.

"అయితే ఇన్నాళ్లూ మిమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టింది నేనా?"

"నువ్వు కాదులే. సెల్లోటేపు."

నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పిన్నీసు నాకివ్వకుండా గోటితో అంచు లేపి, స్టిక్కర్‌ను మెల్లగా ఊడదీసి బైబిల్లో పెట్టుకుంది.

"అయ్యో, ఎందుకు తీశావు? చిన్న బెజ్జం చాలుగా!"

"నేను వెంట రాలేకపోతున్నాననేగా దీన్ని పంపించింది" అంది. చీరకుచ్చెళ్లు సర్దుకుంది. "ఆటో అబ్బాయికి ఫోన్ చెయ్యండి, ఇవాళ రావద్దని."

అరుగు మీద నుంచి భయంభయంగా ఎక్కి నా భుజం గట్టిగా పట్టుకుంది. చర్చి దాకా ఆ చెయ్యి తియ్యలేదు. నా కోసం వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన పని లేదు మరి.