మీటరు మీద అనుమానం

అనుమానం పెనుభూతం అంటారు. మా బావకు మాత్రం అదే అన్నం పెట్టింది. పాత వ్యాన్లకు విడిగా కొని బిగించుకునే, ఇంజన్ ఆయిల్ ఒత్తిడి చూపించే మీటర్లు, ఆయిల్ కూలర్లు బాగుచేయడం ఆయన పని. అందరూ మీటరు మేస్త్రి అనేవారు. సూది పడిపోగానే ఇంజన్ పోయిందని గుండెలు బాదుకుంటూ వచ్చేవాళ్లకు ఆయన చెప్పే మాట ఒకటే: "ముందు మీటర్ని అనుమానించండి. ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం."

ఒకసారి రొట్టెల వ్యాన్ ఆయన ఏడుపు మొహంతో వచ్చాడు. కూలర్, మీటరు కొత్తగా వేయించాడట. సూది అడుగునుంచి లేవడం లేదు. ఇంజన్ విప్పాల్సిందేనని ఇంకో షెడ్డులో భయపెట్టారట. బావ వంగి కూలర్ పైపులు రెండూ తాకి చూశాడు. ఒకటి చుర్రుమంది, రెండోది అంత వేడిగా లేదు. అంటే ఆయిల్ బాగానే తిరుగుతోంది. ఆ మీటరు ఊడదీసి తన సొంత వ్యాన్‌కు తగిలించాడు. అక్కడా సూది అడుగునే ఉంది.

"మంచి బండిలో పెట్టినా ఇదే చూపిస్తోందంటే తప్పెవరిదండీ?" అన్నాడు. వేరే మీటరు వేసి పంపించాడు.

షెడ్డు వెనక గదుల్లోనే వాళ్ల కాపురం. "ఉప్పేశానన్నా నమ్మరే ఈయన, నాలిక మీద వేసుకుని చూడాల్సిందే" అని అక్క నాతో చెప్పి నవ్వేది. ఆ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అక్కకు మెడ వెనక నొప్పి మొదలైంది. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోందంటే నేనే వెళ్లి బీపీ మిషను కొనుక్కొచ్చాను. అంకె చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి" అన్నాను.

"ఆగు మరదలా, నీకన్నీ తొందరే. ముందు మీటర్ని చూద్దాం" అని బావ ఆ పట్టీ తన చేతికి చుట్టుకున్నాడు. ఆయనకూ ఇంచుమించు అంతే చూపించింది. బావ రాయిలాంటి మనిషి, తలనొప్పంటే ఏమిటో ఎరగడు. "చూశావా? మంచి బండిలోనూ ఇదే. మిషన్‌దే తప్పు." అక్క హమ్మయ్య అంది. నా నోరు అసలే పెద్దది, ఆ మిషను అమ్మినవాడిని నాలుగు దులిపి మరీ తిరిగిచ్చేసి వచ్చాను.

కొద్ది రోజులకే అక్క కూరగాయలు తరుగుతూ పక్కకు ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆసుపత్రి వరండాలో బావకు కళ్లు తిరిగాయి. నర్సు కూర్చోబెట్టి బీపీ చూసింది. "మీకూ చాలా ఎక్కువుందే! ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

"మీ మిషను సరిగ్గానే ఉందా అమ్మా?" అన్నాడు బావ అలవాటుగా. అంతే. అన్నాక ఆయనకు తెలిసిపోయింది. ఆ రోజు మిషన్ ఇద్దరి గురించీ నిజమే చెప్పింది. ఆయన మంచి బండి అనుకున్నదీ మంచిది కాదు. గోడకు తల ఆనించి ఆయన ఏడ్చిన ఏడుపు పగవాడికి కూడా వద్దు. నాలుగు మాటలు అనేయాలని నోటిదాకా వచ్చింది నాకు. వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను.

ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటున్నాడు. షెడ్డు తెరుస్తున్నాడు. నిన్న రొట్టెల వ్యాన్ ఆయన మళ్లీ వచ్చాడు, సూది పడిపోయిందని. బావకు అన్నం తీసుకెళ్లిన నేను ముందుకు వంగి చూశాను. మీటరు వైరు ఊడి వేలాడుతోంది. ఏమీ తెలియని నాకే కనిపించింది. బావ మాత్రం పానాలు తీసి ఇంజన్ విప్పడం మొదలుపెట్టాడు.

"బావా, వైరు ఊడింది. అదుగో."

"కనబడుతోందమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "అయినా ఒకసారి లోపల చూడనీ."