మెడ దగ్గర నీళ్ళు

తొంభై అడుగుల లోతున, నాలుగు డిగ్రీల నీళ్ళలో, మెడ కింద నుంచి ఒక చల్లటి ధార వీపు మీదకు జారినప్పుడు నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండింది. నా సూట్ మెడ దగ్గరి రబ్బరు సీల్ మార్పించి రెండు నెలలు కూడా కాలేదు మరి!

కెనడాలో, హామిల్టన్‌లో ఆసుపత్రి ల్యాబులో పనిచేసుకునే కాకినాడ మనిషికి మునిగిపోయిన ఓడలు చూసే పిచ్చేమిటని మా చర్చిలో ఇప్పటికీ అడుగుతారు. "సముద్రం పక్కన పుట్టావు, అక్కడ ఒక్కసారైనా మోకాలు దాటి దిగావా?" అని ఒక ఆంటీ అయితే మొహం మీదే అడిగింది. దిగలేదు. అక్కడ ఆడపిల్లని దిగనిచ్చిందెవరు? ఇక్కడికొచ్చాక, నలభై దగ్గరపడ్డాక దిగాను. ఇక్కడి పెద్ద సరస్సులవి ఉప్పు లేని చల్లటి నీళ్ళు. చెక్కను తినే పురుగు వాటిలో బతకదు. మా ముత్తాతల కాలంలో మునిగిన తెరచాప ఓడ, చుక్కాని చక్రంతో సహా అలాగే ఉంటుంది. దాని పక్కన వేలాడుతూ లైటు వేసి చూస్తుంటే ఆసుపత్రి గోల, ఇంటి గోల ఏదీ గుర్తుకు రాదు.

అయితే ఆ చలిలోకి దిగాలంటే డ్రైసూట్ కావాలి. పాదాల నుంచి మెడ దాకా ఒకటే సంచి. లోపల ఉన్ని బట్టలు. మణికట్ల దగ్గర, మెడ దగ్గర పల్చటి రబ్బరు పట్టీలు చర్మాన్ని అంటిపెట్టుకుని నీళ్ళను ఆపుతాయి. వాటినే సీల్స్ అంటారు. మెడ సీల్‌లోంచి తల దూర్చడమంటే లావుపాటి దిండుకు ఇరుకు గలీబు తొడగడమే. ఒక్క వెంట్రుక ఆ రబ్బరు కింద చిక్కుకున్నా చాలు, దాని వెంబడే నీళ్ళు లోపలికొస్తాయి. నాది నడుం దాకా జుట్టు. అందుకని డైవ్‌కు ముందురోజు మా అమ్మ నేర్పిన పద్ధతిలో తల దువ్వి, ఒక్క పోగు కూడా లేవకుండా అణిచి, జడ అల్లి ముడి చుట్టుకుంటాను. నా అంత జాగ్రత్తపరురాలు ఆ పడవ మీద ఇంకొకరు లేరని నా గర్వం.

అలాంటి నాకు ఆ రోజు హ్యూరన్ సరస్సులో సూట్ కారింది. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే దిగుతాం, ఒకరు పైకి వెళ్తే జోడీ కూడా వెళ్ళాల్సిందే. నా జోడీ స్టీలు ఫ్యాక్టరీలో రిటైరైన పెద్దాయన. మోకాలి ఆపరేషన్ చేయించుకుని, చలికాలమంతా ఈ ఒక్క ట్రిప్ కోసం ఎదురుచూశాడు. ఓడ ముందుభాగం కనపడీ కనపడక ముందే పైకి పోదామని నేను బొటనవేలు ఎత్తి చూపించాను. ఆయన నా వెంట వచ్చేశాడు. పడవ మీద నాకు పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే, పడవ నడిపే మనిషి తువ్వాలు అందిస్తూ, "నీకు వెచ్చటి సముద్రాలే నయమేమో" అని నవ్వాడు. ముప్ఫై కిలోల సరంజామా ఒంటికి కట్టుకుని ఆరేళ్ళుగా వీళ్ళతో సమానంగా దిగుతున్నదాన్ని! తెల్లవాడి సూట్ కారితే తప్పు సూట్‌ది. నాది కారితే నేను పుట్టిన ఊరిది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా ఆ మాటే నమిలాను.

సోమవారం డ్యూటీ దిగి నేరుగా డైవింగ్ షాపుకు వెళ్ళాను. నా సూట్ ఉండేది అక్కడే. ప్రతి డైవ్ తర్వాత దాన్ని కడిగి, పౌడర్ అద్ది, ఆరేసి ఉంచేది వాళ్ళే. షాపాయన మెడ సీల్‌ని వేళ్ళ మధ్య సాగదీసి చూశాడు. అది బెల్లం పాకంలా వేళ్ళకు అంటుకుంది.

"దీనికేదో నూనె తగిలింది. నీ పాత సీల్ రకం తట్టుకునేది, ఈ రబ్బరుకి నూనె విషం. నువ్వేమైనా రాశావా?" అన్నాడు.

"చుక్క కూడా రాయలేదు" అన్నాను. నిజంగానే అన్నాను. అదే నా ఖర్మ.

కాలేజీల్లోకి మన పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చిపడుతున్న రోజులవి. బస్సెక్కితే తెలుగు, కాఫీ కొట్టుకెళ్తే తెలుగు. ఈ షాపులోనూ కరీంనగర్ వైపు అమ్మాయి ఒకతె పార్ట్‌టైమ్‌లో చేరింది. సూట్లు కడిగి, ఆరేసే పని ఆమెదే. ఆ అమ్మాయికి డైవింగ్ నేర్పిస్తానని షాపాయన మాటిచ్చాడు. ఈత కొలనులో పాఠాలన్నీ అయిపోయాయి, ఆ నెలలోనే మొదటిసారి సరస్సులో దిగాలి. నన్ను చూసిన మొదటి రోజే, "ఆంటీ, మీరు తెలుగా?" అని సంబరపడింది. ఆంటీ అన్నందుకు ఆ రోజే లోపల కొంచెం చురుక్కుమంది, దాచడమెందుకు.

ఇప్పుడు ఆ అమ్మాయి నాకు మూడడుగుల దూరంలో సబ్బునీళ్ళ బకెట్ పట్టుకుని నిలబడింది. నేను షాపాయన వైపే చూస్తూ, నా మంచి ఇంగ్లిష్‌లో దులిపేశాను. సూట్ నా దగ్గరకంటే మీ దగ్గరే ఎక్కువ ఉంటుంది, దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారో చూసుకోరా, ఏ ట్రైనింగూ లేని స్టూడెంట్లను పెట్టుకుని మా ప్రాణాలు వాళ్ళ చేతుల్లో పెడతారా, చేతులకు ఏం రాసుకుని వస్తారో ఎవరికి తెలుసు? ఒకటే ధాటిగా మాట్లాడాను. మధ్యలో ఒకసారి ఆ అమ్మాయి నా తల వైపు, నా ముడి వైపు చూసింది. ఎంత పొగరు, మొహం చూడకుండా నెత్తి చూస్తోంది అనుకున్నాను. ఆమె నోరు తెరవలేదు. తప్పు చేసినవాళ్ళే అలా బిగుసుకుపోతారని అది కూడా ఆమె తప్పు కిందే జమ వేశాను.

కొత్త సీల్ వేయించుకుని ఇంటికొచ్చాను. తర్వాతి వారం ఆ అమ్మాయి కనపడలేదు. తీసేశామన్నారు. ఆదివారం చర్చి భోజనాల దగ్గర ఈ కథంతా చేతులు తిప్పుతూ చెప్పాను. అందరూ "మంచి పని చేశావు" అన్నారు.

ఆరు వారాల తర్వాత ఎండ కాస్తున్న ఒక మధ్యాహ్నం, సరస్సు ఒడ్డున కారు వెనక నిలబడి సూట్ విప్పుతున్నాను. తల సగం లోపల, సగం బయట. రబ్బరు ముక్కుకు అడ్డంగా నొక్కుకుంది. ఆ ఇరుకులో గుప్పున కొబ్బరినూనె వాసన కొట్టింది.

తల బయటికి లాగి సీల్ లోపలివైపు వేలు పెట్టి చూశాను. వేలు అంటుకుంది. పోగులు లేవకుండా అణచడానికి ప్రతి డైవ్ ముందురోజూ అరచేతిలో పోసుకుని మాడు నుంచి మెడ దాకా నేను పట్టించే నూనె! అది నాకు నూనెలా ఎన్నడూ తోచలేదు. అది తల దువ్వుకోవడంలో ఒక భాగం, అంతే. సూట్‌కి చుక్క కూడా రాయలేదు, తలకి రాసి ఆ తలను దాంట్లోకి దూర్చాను.

"ఏమైంది?" అన్నాడు పక్కనే సూట్ విప్పుకుంటున్న నా జోడీ పెద్దాయన. సూట్ మడిచి డిక్కీలో పడేశాను. ఆయన ట్రిప్ పాడుచేసింది కూడా నేనేనని ఆ పూట చెప్పలేకపోయాను.

మర్నాడే షాపుకు వెళ్ళి అంతా చెప్పేశాను. షాపాయన పకపకా నవ్వాడు. గడ్డాలకు మైనం రాసుకునే మగవాళ్ళు కూడా సీళ్ళు ఇలాగే పాడుచేస్తారట.

"మరి ఆ రోజే అడగొచ్చుగా, తలకేం రాస్తావని?" అని లేచాను.

"చుక్క కూడా లేదన్నావుగా!"

"నేనన్న ఒక్క మాటకి ఆ పిల్లని తీసేస్తావా? విచారించవా?"

"మీ మనిషే కదా ఆమె. మీ వాళ్ళ సంగతి నీకే బాగా తెలుస్తుందనుకున్నాను" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ వీలు అతనికిచ్చింది నేనే.

అతనే ఫోన్ చేసి అడిగితే ఆ అమ్మాయి నన్ను కలవడానికి ఒప్పుకుంది. ఇప్పుడు ఆమెకు గంట దూరంలో, బ్రాంప్టన్‌లో ఒక గోడౌన్‌లో పని. షిఫ్ట్‌కు ముందు బస్టాప్ దగ్గర పది నిమిషాలు ఇచ్చింది. కాళ్ళకు ఇనుప ముక్కు బూట్లు, చేతిలో టిఫిన్ డబ్బా. కారులో వస్తూ కూడబలుక్కున్నదంతా మరిచిపోయి, "తప్పు నాదేనమ్మా" అని మాత్రం అన్నాను.

"తెలుసు ఆంటీ. మొదటి వారమే వాసనతో తెలిసింది. మా అమ్మ జడ వాసన గట్లనే ఉంటది."

"మరి నోరు తెరిచి చెప్పవేం?"

"నూనెతోని రబ్బరు ఖరాబైతదని ఆ రోజు ఆయన అంటేనే తెలిసింది, మీకు చెబుదామనే అనుకున్నా. అంతలోనే మీరు మొదలుపెట్టిన్రు. ఆయన ముందట చెబితే, నేను కూడా నూనె పెట్టుకుంటనని తెలిసి ఇంక సూట్లు ముట్టనియ్యడని భయపడ్డ."

షాపాయన మళ్ళీ రమ్మంటున్నాడని, సరస్సులో నేనే దగ్గరుండి దింపుతానని చెప్పాను. తల అడ్డంగా ఊపింది. ఇక్కడ షిఫ్టులు ఫిక్స్ అయ్యాయట, రూమ్ కూడా మారిందట. పోయిన నెల తనతోపాటు నేర్చుకున్నవాళ్ళంతా సరస్సులో దిగి ఫోటోలు పెట్టుకున్నారట. అది చెప్పేటప్పుడు రోడ్డు వైపు చూసింది. "మీరు షవర్ క్యాప్ పెట్టుకుని తల దూర్చున్రి ఆంటీ, రబ్బరుకు అంటదు" అని మాత్రం నా వైపు చూసి చెప్పింది.

నా మీద నాకే ఎంత అసహ్యం వేసిందో! "ఆ రోజు నన్ను నాలుగు తిట్టినా బాగుండేదే" అన్నాను.

బస్సు వచ్చి ఆగింది. ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంది.

"తిట్టుడెందుకు ఆంటీ. మీరు ఆయనతోని అంతసేపు ఇంగ్లిష్‌ల మాట్లాడిన్రు. నేను పక్కనే నిలబడి ఉన్న. ఒక్కసారి నా దిక్కు తిరిగి తెలుగుల అడిగితే అయిపోతుండె."