దగ్గులోంచి పుట్టిన విభక్తి

అచ్యుతాపురం కంపెనీ బస్సులో సూపర్‌వైజర్‌ని తిట్టుకోవడానికి నేనూ నా స్నేహితురాలు రమణా ఎవరికీ అర్థంకాని భాష ఒకటి అల్లుకున్నాం. డ్యూటీ దిగేటప్పుడు మోగే సైరన్‌ ‘కూ’ మాకు ‘నుంచి’ అయింది. ఏం చెడినా ఆయన వల్లే కాబట్టి, ‘వల్ల’ అనాల్సిన చోట ఆయనలాగే ‘ఖళ్’మని దగ్గేవాళ్లం.

ఈ సాయంత్రం బస్సులో ఆయన నా వెనక నుంచి వంగి, మా భాషలోనే పలకరించి, ఆపైన తెలుగులోకి దిగాడు.

"నా దగ్గుతో విభక్తి సేసీసినారంట గదమ్మా, సంతోషం!" అంటూ మళ్లీ దగ్గాడు. తుంపర్లు నా మెడ మీద పడ్డాయి. ఛీ!

"ఎందుకే సెప్పీసినావు?" అని రమణని నిలదీశాను.

"నానేటి సేస్తానే? పగటి డ్యూటీ ఇస్తానన్నాడు."

గాజువాక దాకా చున్నీతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాను. వాణ్ని తిట్టడానికి ఇప్పుడు నాకు భాష లేదు. మీ దగ్గర ఏదైనా ఉంటే అప్పివ్వండి.