కొంగబొమ్మ బండి

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ సిస్టరమ్మే. పెద్దాసుపత్రిలో నర్సుగా, ఆ తర్వాత అక్కడే పరికరాల స్టోరులో చాలా ఏళ్ళు చేసి, మోకాళ్ళు మొరాయించాక మానేసింది. మానేసి ఊరికే కూర్చుందా అంటే అదీ లేదు. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సూదులు వెయ్యడం, పుళ్ళకి కట్లు మార్చడం మొదలుపెట్టింది. ఆసుపత్రివాళ్ళు "ఇంక ఇంటికి తీసుకెళ్ళండి" అన్న మనుషులే ఎక్కువగా ఆవిడ చేతికి వచ్చేవారు. అందుకే ఎవరింటి ముందైనా ఆవిడ స్కూటరు ఆగిందంటే, పక్కింటివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

ఆ స్కూటరే ఒకరోజు పోయింది. మెకానిక్కు దాని పక్కన గొంతుక్కూర్చుని, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ పైకి చూశాడు.

"లోపల ఏమీ మిగల్లేదమ్మాయ్. ఇంక ఇంటికి తీసుకెళ్ళు."

"ఆ మాట నా దగ్గరే అంటావా బాబాయ్?" అని నవ్వబోయింది సిస్టరమ్మ. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తక్కిన ఇళ్ళన్నీ నడిచో, బస్సెక్కో అందుకోవచ్చు. అందనిది ఒక్కటే. ఊరి చివర, మిట్ట మీది కాలనీలో, డ్రాయింగు మాస్టారి ఇల్లు. బస్సు మిట్ట కిందే ఆగిపోతుంది. పైకి ఆటోవాళ్ళు రారు, వచ్చినా దిగేటప్పుడు బ్రేకులు పట్టవని గొణుగుతారు. మాస్టారికి జబ్బు ఎముకల్లోకి పాకింది. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. ఆ రెంటి మధ్యే ఆయన మనిషి. సూది ప్రభావం తగ్గిందంటే, పిల్లలకి పువ్వులూ పిట్టలూ గీయడం నేర్పిన ఆ చేతులు మంచం పట్టెని పట్టుకుని గీకేవి.

మందు వాళ్ళింట్లోనే ఉంటే, ఆయన కూతురికి సూది వెయ్యడం నేర్పేస్తే ఈ గొడవే ఉండేది కాదు. మొదట్లో అక్కడే ఉండేది. ఒకరోజు మాస్టారి కూతురు ఆ సీసాల పెట్టెని గేటు దాకా తెచ్చి సిస్టరమ్మ సంచిలో పెట్టేసింది.

"మీ దగ్గరే ఉంచండక్కా. మీరొచ్చినప్పుడే తెండి."

"ఎందుకమ్మడూ?"

"అన్నీ ఒక్కసారే ఇచ్చెయ్యమని అడుగుతున్నారు నాన్న. రోజూ అడుగుతున్నారు." ఆ పిల్ల రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "ఆయన సంగతి కాదక్కా. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

సిస్టరమ్మ సంచి జిప్పు లాగింది. ఆనాటి నుంచి ఆ ఇంటి నొప్పికి విరుగుడు ఆవిడ సంచిలోనే తిరుగుతోంది. అది వేళకి చేరడమూ చేరకపోవడమూ రెండు చక్రాల మీద ఆధారపడింది.

ఇంకో బండి కొనక తప్పదు. కొత్తది కొనే తాహతు లేదు. వాడినదే చూడాలి, కానీ నడిమధ్యలో ఆగిపోనిది కావాలి. చిన్న స్కూటరు మిట్ట ఎక్కేసరికి ఆయాసపడుతుంది. పెద్దదాన్ని స్టాండు వెయ్యడం ఆవిడ మోకాళ్ళ వల్ల కాదు. అంచేత మధ్యరకం. కాళ్ళ దగ్గర మందుల సంచికి చోటుండాలి, వాన నీళ్ళకి మొండికెయ్యకూడదు.

కావలసిందేమిటో తేలింది గానీ, ఏ కంపెనీది అన్నది తేలలేదు. సలహాలకేం కొదవ? చెప్పేవాడికి వినేవాడు లోకువ. మందుల షాపువాడు ఒకటన్నాడు, ఎదురింటావిడ ఇంకోటంది. సిస్టరమ్మ భర్త ప్రెస్సులో పుస్తకాలకి అట్టలు కడతాడు, చేతికి ఎప్పుడూ జిగురే. ఆయన అందరి మాటలూ విని చివరికి తేల్చాడు:

"అన్ని కంపెనీలూ ఒకటేనోయ్. అట్ట తేడా, అంతే. నీకు ఎర్ర అట్ట కావాలా, నీలం అట్ట కావాలా?"

"మీకు వేళాకోళంగా ఉంది. అక్కడ ఆయన గిలగిల్లాడుతుంటే నేను రోడ్డు మీద అట్ట చూసుకుంటూ కూర్చోనా?"

ఆయన వేళ్ళ మీది జిగురు గిల్లుకుంటూ లోపలికి వెళ్ళాడు.

మెకానిక్కు మాత్రం ఒకటే మాట మీద ఉన్నాడు. "గుర్రంబొమ్మ కంపెనీది కొనుక్కో. ఊళ్ళో సగం మంది అదే తోలుతున్నారు."

"సగం మంది నీ షెడ్డులోనే ఉన్నారుగా బాబాయ్. వచ్చినప్పుడల్లా చూస్తున్నా. ఇక్కడ విప్పి పడేసినవన్నీ గుర్రాలే."

"చెడిపోతుందమ్మాయ్, కాదనను. కానీ సందు సందుకీ దాని పార్టు దొరుకుతుంది. కళ్ళు మూసుకుని బాగుచేస్తాం. సాయంత్రానికి నీ చేతిలో పెడతాం."

"నాకు సాయంత్రం దాకా టైము లేదు. చెడిపోయేదాన్ని చూసి చూసి కొనుక్కోవడం ఏమిటి? అడుసు తొక్కడం ఎందుకు, కాలు కడుక్కోవడం ఎందుకు?"

మెకానిక్కు నవ్వి, ఆవిడకి బండి కుదిరేదాకా తన సొంత బండి తాళం ఇచ్చాడు. అదీ గుర్రంబొమ్మదే. ఆవిడ దాన్ని పరాయి పిల్లని ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా తోలింది, కానీ మెచ్చుకోలేదు.

సిస్టరమ్మకి మంచీ చెడ్డా తేల్చే పద్ధతి ఒకటుంది. స్టోరులో నేర్చుకున్న పద్ధతి అది. అక్కడ కఫం లాగే మిషన్లు రకరకాల కంపెనీలవి ఉండేవి. వార్డు నుంచి ఫోనొచ్చినప్పుడు ఏది పంపాలి? అమ్మేవాళ్ళ మాట నమ్మకూడదు, డాక్టర్ల మాట అసలే నమ్మకూడదు. ఆవిడ విడిభాగాల అర దగ్గరికి వెళ్ళి చూసేది. ఏ కంపెనీ డబ్బాల మీద దుమ్ము పేరుకుందో, ఆ మిషను పంపేది. దుమ్ము ఉందంటే ఎవరూ ఆ భాగం అడగలేదన్నమాట. అడగలేదంటే మిషను చెడిపోలేదన్నమాట. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఆవిడ పంపిన మిషను ఆగిపోయి ఏ రోగీ ఉక్కిరిబిక్కిరి కాలేదు. చెప్పుకోదగ్గ గర్వం ఆవిడకి ఉన్నదల్లా అదొక్కటే.

అందుకని ఒక మధ్యాహ్నం స్కూటర్ల విడిభాగాల షాపుకి వెళ్ళింది. షాపాయన ఏం కావాలని అడిగితే ఏమీ వద్దు, చూస్తానంది. పైనించి కింద దాకా అరలన్నీ తేరిపార చూసింది. గుర్రంబొమ్మ డబ్బాలు నలిగి, అరిగి, కొన్ని ఖాళీ అయి ఉన్నాయి. మూలన పైఅరలో కొంగబొమ్మ డబ్బాలు, పేర్చినవి పేర్చినట్టే, బూడిద రాసినట్టు ఉన్నాయి. స్టూలెక్కి వేలితో గీసింది. వేలు నల్లబడింది.

"ఇవి ఎవరూ అడగరా అన్నయ్యా?"

"కొంగవా? ఎప్పుడు తెచ్చానో నాకే గుర్తులేదమ్మా. అడిగిన నాథుడు లేడు."

సిస్టరమ్మ మొహం విప్పారింది. ఇంకేం కావాలి?

ఆసుపత్రి వార్డుల్లో అన్ని కంపెనీల మిషన్లూ ఇంచుమించు సమానంగా వాడుకలో ఉండేవి. రోడ్డు మీద అలా కాదు. ఊళ్ళో కొంగబొమ్మ బండ్లు వెతికినా కనిపించవు, అందుకే వాటి పార్టులు అడిగేవాళ్ళు లేరు. ఈ చిన్న తేడా ఆవిడకి తట్టలేదు. పద్ధతి ఎన్నడూ తప్పనివాళ్ళకి ఇలాంటివి తట్టవు.

వెతగ్గా వెతగ్గా, మిట్ట కాలనీలోనే ఒక ఇంటి వెనక గోనెపట్టా కప్పిన కొంగబొమ్మ మధ్యరకం బండి దొరికింది. కొన్నవాళ్ళు ఊరు మారిపోయారు, పెద్దగా తోలలేదు. రంగు చెక్కుచెదరలేదు. భర్త బండి చుట్టూ తిరిగి చూసి, "అట్ట బాగుంది," అన్నాడు. ఈసారి ఆవిడా నవ్వింది.

మెకానిక్కు మాత్రం పెదవి విరిచాడు. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సరే. చాన్నాళ్ళు నిలబడిపోయిన బండి. మిట్ట ఎక్కాలంటే బెల్టు మార్చాలి. పాతది పగుళ్ళు తీసింది."

"బెల్టంటే?"

"ఇంజను తిరిగితే చక్రాన్ని తిప్పేది అదే. రబ్బరుది. అది తెగిందా, ఇంజను ఎంత అరిచినా బండి కదలదు."

సిస్టరమ్మ తనే వెళ్ళి షాపులో పైఅర నుంచి కొంగబొమ్మ బెల్టు డబ్బా దింపించింది. దుమ్ము ఉఫ్ఫున ఊదింది. మెకానిక్కు బెల్టుని చేతుల్లో వంచి చూశాడు.

"కాస్త బిర్రుగా ఉందే. ఎన్నాళ్ళ నుంచి ఆ అరలో పడుందో, రబ్బరు ఎండినట్టుంది."

"కొత్తది కదా బాబాయ్. కొత్తది బిర్రుగానే ఉంటుంది."

ఆయన ఇంకోసారి వంచాడు. ఏదో అనబోయి, షెడ్డు ముందు ఇంకెవరో పిలిస్తే అటు తల తిప్పి, బెల్టు ఎక్కించేశాడు.

కొన్నాళ్ళు బండి పువ్వులా నడిచింది. పొద్దున, సాయంత్రం, మిట్ట మీదికి చప్పుడు లేకుండా పాకేది. మాస్టారు చెవొగ్గి, "వస్తున్నట్టే తెలియట్లేదు తల్లీ, ఏం బండి అది?" అనేవారు. "కొంగండీ," అనేది ఆవిడ. "కొంగా! అది దొంగజపం చేస్తుంది, జాగ్రత్త," అని నవ్వబోయి దగ్గేవారు.

వానపడి వెలిసిన ఒక సాయంత్రం, మిట్ట సగం ఎక్కాక, బండి కింద కొరడా విదిలించినట్టు చప్పుడైంది. ఇంజను గొంతు పెంచింది. బండి మాత్రం వెనక్కి జారడం మొదలుపెట్టింది. రెండు బ్రేకులూ బిగబట్టి, కాళ్ళు రోడ్డుకి ఆనించి ఎలాగో ఆపి, గోడవార నిలబెట్టింది. మెకానిక్కుకి ఫోను చేస్తే వేరే ఊళ్ళో ఉన్నాడు. భర్త ప్రెస్సులో ఉంటే ఫోను ఎత్తడు. పైకెళ్ళే మోటారుసైకిలు ఒకటి వచ్చింది. చెయ్యి ఎత్తింది. అది నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది.

సంచి భుజాన వేసుకుని నడిచింది. మిట్ట ఎక్కుతుంటే మోకాళ్ళు కలుక్కుమన్నాయి. కాసేపు గోడ పట్టుకుని, కాసేపు పక్కకి తిరిగి నడుస్తూ ఎక్కింది. ఫోను మోగుతూనే ఉంది. మొదట రెండుసార్లు ఎత్తి "వస్తున్నా అమ్మడూ" అంది. తర్వాత ఎత్తలేదు. మాట్లాడితే ఊపిరి చాలట్లేదు.

వీధి మలుపులోకి వచ్చేసరికే మాస్టారి గొంతు వినపడింది. అది మాస్టారి గొంతని గుర్తుపట్టడానికి ఆవిడకి కొంచెం సమయం పట్టింది. పక్కిళ్ళ తలుపులన్నీ మూసి ఉన్నాయి.

లోపల ఆయన మంచం మీద లేరు, నేల మీద ఉన్నారు. కూతురు ఆయన తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ముంజేతి మీద గోళ్ళ గాట్లు. సిస్టరమ్మ చేతులు కూడా కడుక్కోకుండా మందు ఎక్కించింది. ఆయన అరుపు మూలుగైంది, మూలుగు ఊపిరైంది. ఇద్దరూ కలిసి ఆయన్ని మంచం మీదికి చేర్చారు.

"బెల్టు తెగిపోయిందమ్మడూ," అంది సిస్టరమ్మ.

"పెట్టె ఇక్కడ పెట్టి వెళ్ళండక్కా."

సిస్టరమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. అక్కడ కోపం లేదు. కోపం ఉంటే బావుణ్ణనిపించింది.

"నువ్వేగా వద్దన్నావు..."

"అన్నాను. ఇవాళ ఆయన్ని ఇలా పట్టుకుని కూర్చున్నాక అదేం పెద్ద విషయం కాదనిపించింది. పెట్టండి."

బండి లేదు. రేపు పొద్దున వేళకి వస్తానని ఏ మొహం పెట్టుకుని చెప్పగలదు? సిస్టరమ్మ సంచి విప్పి, రేకు పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. మడత పెట్టిన తువ్వాలు మీద, ఉత్త నీళ్ళతో, సూది ఎలా వెయ్యాలో చూపించింది. సిరంజి మీద ఎంతవరకు లాగాలో పెన్నుతో గీత గీసింది. ఆ పిల్ల సిరంజిని తువ్వాలు మీద పెట్టేసింది. "నా వల్ల కాదులెండి. పొద్దున మీరే రండి. పెట్టె ఊరికే దగ్గరుండనీండి, అంతే," అంది.

పొద్దున తొలి బస్సుకే సిస్టరమ్మ మిట్ట కింద దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో ఫోను.

"లేచారక్కా. మొదలైంది. ఎక్కడున్నారు?"

"కిందున్నా. వస్తున్నా."

"కింద అంటే చాలా సేపు పడుతుంది." ఆ గొంతు నిదానంగా ఉంది. ఆ నిదానమే సిస్టరమ్మకి నచ్చలేదు. "సీసా మెడ పగలగొట్టేశాను. లాగాను కూడా. బుడగ వచ్చింది."

"సూది పైకి పట్టుకో. గోటితో మెల్లగా కొట్టు. బుడగ పైకొచ్చిందా? ఇప్పుడు కొంచెం నొక్కు. చుక్క బయటికి రావాలి." ఎక్కుతూనే చెప్పింది. ఫోనులో వెనకాల మాస్టారు ఏదో అడుగుతున్నారు. ఏమడుగుతున్నారో ఆవిడకి తెలుసు. "గీత దాకానే ఉందా మందు?"

అవతల గాజుకి గాజు తగిలిన చప్పుడైంది.

"అమ్మడూ. ఎన్ని పగలగొట్టావు?"

"ఒకటే." ఊపిరి చప్పుడు. "రెండోది చేతిలో ఉంది."

సిస్టరమ్మ ఆగలేదు. ఆగితే మళ్ళీ కదలలేనని తెలుసు. "దాన్ని పెట్టెలో పెట్టు. నేను వింటున్నా. పెట్టి, మూత వెయ్యి. తర్వాత నాన్న చెయ్యి పట్టుకో, చర్మం పైకి లాగు, నేను నిన్న చూపించినట్టు. నేను ఫోను పెట్టను. నువ్వూ పెట్టకు. ఇదిగో, బండి దగ్గరికొచ్చాను. ఇదిగో, దాటేశాను."

గోడవార కొంగబొమ్మ బండి రాత్రి వానకి తడిసి నిలబడి ఉంది. ఆవిడ దానివైపు చూడలేదు. చెవికి ఫోను నొక్కిపట్టి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, మాట్లాడుతూనే ఎక్కింది. చాలాసేపటికి అవతల రేకు మూత పడిన చప్పుడు వినిపించింది.